కంచుకంఠం - కొంగర జగ్గయ్య

మనిషిని మనిషి గుర్తుపట్టడానికి ముఖం ఎంత ఆధారమో కంఠం కూడా అంతే ఆధారం. చీకటిలో పలికిన ఒక్క మాటతో తల్లి బిడ్డను గుర్తిస్తుంది. దూరాన వినిపించిన పిలుపును బట్టి మిత్రుడు మిత్రుని పోల్చుకుంటాడు. ముఖం కనబడకుండా కేవలం కంఠంతోనే కోట్లాదిమందికి ఆత్మీయులైన వారు మాత్రం అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆకాశవాణి ఆ అవకాశాన్ని కల్పించింది. ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొని, తరువాత రంగస్థలం, చలనచిత్రం, రాజకీయం, సాహిత్యం అనే నాలుగు రంగాలలోనూ తన వాక్కుకు సార్థకత కల్పించుకొన్న తెలుగువాడు కొంగర జగ్గయ్య. కంచు మోగినట్లుండే ఆయన గొంతును విని తెలుగు ప్రజలు ఆయనను కంచుకంఠం జగ్గయ్య అని పిలుచుకొన్నారు. పండితలోకం కళావాచస్పతి అని గౌరవించింది.

జగ్గయ్య గుంటూరు జిల్లాలో తెనాలికి సమీపంలోని మోరంపూడి గ్రామంలో ఒక డిసెంబరు 31వ తేదీన జన్మించారు. తల్లి రాజ్యలక్ష్మమ్మ, తండ్రి సీతారామయ్య. కృష్ణా కాలువల నీటితో పచ్చగా ఉండే ఆ ప్రాంతం నాటకానికి కూడా పుట్టినిల్లు. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి మహానటులు తిరుగాడిన తెనాలి చుట్టుపక్కల పల్లెలలో పద్యం పాడలేని వాడు ఉండవచ్చునేమో గాని, పద్యం విని తల ఊపలేని వాడు ఉండడని చెప్పుకొనేవారు. ఆ వాతావరణంలో పెరిగిన జగ్గయ్య పదకొండేళ్ళ ప్రాయంలోనే బెంగాలీ రచయిత ద్విజేంద్రలాల్ రాయ్ 'సీత' నాటకపు హిందీ ప్రదర్శనలో లవుని పాత్ర ధరించారు. మాతృభాష కాని భాషలో తొలి పాత్రను పోషించడం ఆ బాలునికి ఉచ్చారణపై శ్రద్ధ నేర్పింది. ఏ అక్షరాన్ని ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేల్చాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలుసుకోకపోతే పరభాషలో వేషం నిలబడదు.

విద్యార్థి దశలోనే ఆయనకు దేశభక్తి, కళాసక్తి జంటగా అలవడ్డాయి. స్వాతంత్ర్యోద్యమం ముమ్మరంగా సాగుతున్న ఆ కాలంలో యువకులు చదువును, ఉద్యమాన్ని వేరుగా చూడలేదు. జగ్గయ్య కూడా తెనాలిలో విద్యార్థి కార్యకలాపాలలో పాల్గొన్నారు. మరొకవైపు, కవి, నవలాకారుడు, చిత్రకారుడు అయిన అడివి బాపిరాజు వద్ద చిత్రలేఖనం అభ్యసించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివేటప్పుడు నందమూరి తారక రామారావు ఆయనకు తోటి విద్యార్థి. వారిరువురూ కలిసి నాటకాలలో నటించారు. కొంతకాలం దుగ్గిరాలలో ఉపాధ్యాయునిగా కూడా జగ్గయ్య పనిచేశారు. తరగతి గదిలో చివరి వరుస విద్యార్థికి కూడా వినిపించేలా, అయినా మొదటి వరుసవారికి కర్కశంగా తోచకుండా మాట్లాడవలసిన వృత్తి అది. రంగస్థలమూ అదే కోరుతుంది. ఈ రెండు అనుభవాలు ఆయన కంఠాన్ని తీర్చిదిద్దాయి.

ఆ కాలంలో తెలుగువారికి ఆకాశవాణి ఒక అద్భుతం. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమైనప్పుడు తెలుగు కార్యక్రమాలు అక్కడి నుంచే వెలువడేవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ఏర్పడింది. నిజాం పాలనలో నడిచిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. రేడియో పెట్టె ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో ఉండేవి. వార్తల వేళకు ఆ ఇంటి అరుగు మీద, పంచాయతీ కార్యాలయం ముందు జనం గుమిగూడేవారు. తెలుగు వార్తలు దేశ రాజధాని ఢిల్లీ నుంచి ప్రసారమయ్యేవి. ఢిల్లీ కేంద్రంలో సుమారు మూడు సంవత్సరాల పాటు జగ్గయ్య తెలుగు వార్తలు చదివారు.

వార్తలు చదవడం సులభమని పైకి అనిపిస్తుంది. నిజానికి అది కఠినమైన సాధన. నటుడు తన ఆవేశాన్ని గొంతులో చూపవచ్చు. వార్తలు చదివేవాడు చూపరాదు. శోకవార్తను చదివినా గొంతు వణకరాదు. విజయవార్తను చదివినా పొంగరాదు. ఇంగ్లీషులో వచ్చిన సమాచారాన్ని తెలుగు చేసుకొని, నిమిషాలను లెక్కించుకొంటూ, తడబాటు లేకుండా పలకాలి. ఎదురుగా శ్రోత ఉండడు. చప్పట్లు ఉండవు. ఎర్రదీపం వెలిగిన గదిలో ఒక యంత్రం ముందు కూర్చొని, వేల మైళ్ళ దూరాన అరుగుల మీద కూర్చొన్నవారిని మనసులో నిలుపుకొని మాట్లాడాలి. అంతటి బలమైన గొంతును అదుపులో పెట్టుకోవడం జగ్గయ్య నేర్చుకొన్నది అక్కడే. ఆ అదుపే తరువాతి జీవితంలో ఆయన నటనకు ప్రధాన లక్షణమైంది.

ప్రభుత్వ ఉద్యోగం, నెలనెలా జీతం, దేశ రాజధానిలో నివాసం - ఆనాటి మధ్యతరగతి యువకుడు కోరుకొనేవన్నీ ఆయనకు సమకూరాయి. వాటిని విడిచి మద్రాసుకు వెళ్ళి సినిమాలలో చేరడం సాహసమే. ప్రసిద్ధ రచయిత త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన 'ప్రియురాలు' 1952లో విడుదలైంది. జగ్గయ్యకు అది తొలి చిత్రం. ఆ చిత్రం ఆశించిన ఆదరణ పొందలేదు. తరువాత వచ్చిన ఒకటి రెండు చిత్రాలు కూడా ఆయనకు నిలదొక్కుకొనే బలాన్ని ఇవ్వలేదు. తొలి అడుగులోనే ఓటమి ఎదురైతే వెనుకకు తిరిగి పోవడానికి తగిన చదువు, అనుభవం ఆయనకు ఉన్నాయి. కాని ఆయన వెనుదిరగలేదు. బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'బంగారు పాప' ఆయనకు గుర్తింపు తెచ్చింది. 1955లో వెలువడిన 'అర్ధాంగి', 'దొంగరాముడు' చిత్రాలతో ఆయన స్థానం స్థిరపడింది. మొదటిదానిలో అహంకారి అయిన యువకుడు, రెండవదానిలో సౌమ్యుడైన వైద్యుడు - ఒకే ఏడాదిలో ఈ రెండు స్వభావాలను ఒకే కంఠంతో పలికించి ఒప్పించగలగడం సామాన్యం కాదు.

ఈ దశలోనే జగ్గయ్య కంఠానికి మరొక పని లభించింది. అది గాత్రదానం. ఒక భాషలో తీసిన చిత్రాన్ని మరొక భాషలోకి మార్చి విడుదల చేసే పద్ధతి తెలుగులో 1950లో 'ఆహుతి' చిత్రంతో మొదలైంది. ఆ చిత్రానికి మాటలు, పాటలు కూర్చినవారు మహాకవి శ్రీశ్రీ. క్రమంగా తమిళ చిత్రాలు ఎన్నో తెలుగులోకి రాసాగాయి. తమిళ మహానటుడు శివాజీ గణేశన్ నటించిన చిత్రాలకు తెలుగులో జగ్గయ్య గాత్రం అందించారు. తెరపై ముఖం ఒకరిది, మాట మరొకరిది. అయినా ప్రేక్షకులకు ఆ రెండింటి నడుమ అతుకు కనబడలేదు.

గాత్రదానం ఎంత శ్రమతో కూడినదో నేటి విద్యార్థులు తెలుసుకోవడం అవసరం. అప్పటి పద్ధతిలో చిత్రంలోని చిన్న భాగాన్ని మాలగా అతికి, తెరపై అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ తిరిగేలా చేసేవారు. కళాకారుడు చీకటి గదిలో నిలబడి ఆ దృశ్యాన్ని చూస్తూ, నటుని పెదవుల కదలికకు సరిగా మాటను పొదగాలి. ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలను మన వ్యాకర్తలు ఓష్ఠ్యాలు అన్నారు. వాటిని పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి. తమిళ నటుని పెదవులు కలిసిన చోట తెలుగు మాటలో కూడా ఓష్ఠ్యం పడాలి; లేకపోతే మాట ఒకచోట, నోరు ఒకచోట అయి దృశ్యం హాస్యాస్పదమవుతుంది. రచయిత ఎంత జాగ్రత్తగా రాసినా చివరి భారం పలికేవానిదే. అందునా శివాజీ గణేశన్ సుదీర్ఘమైన సంభాషణలను ఉప్పెనలా పలికే నటుడు. ఆయన ఊపిరిని తన ఊపిరిగా, ఆయన కోపాన్ని తన కోపంగా చేసుకొంటే తప్ప ఆ పని సాధ్యం కాదు. నటుడైనవాడు మరొక నటుని ముఖం వెనుక దాగి మాట్లాడటానికి చాలా వినయం కావాలి. ఆ వినయం జగ్గయ్యకు ఉండేది.

ప్రపంచంలో ఇతర చోట్ల కూడా కంఠమే సంపదగా జీవించిన కళాకారులు ఉన్నారు. అమెరికాలో మెల్ బ్లాంక్ అనే ఆయన కుందేలు, బాతు, పంది వంటి బొమ్మల పాత్రలన్నింటికీ ఒక్కడే గొంతులు మార్చి మాట్లాడి వేయి గొంతుల మనిషిగా పేరు పొందారు. ఆయన పేరుతోనే 1946లో ఒక రేడియో హాస్య కార్యక్రమం ప్రారంభమైంది. అందులో ఆయన సామాన్లు బాగుచేసే దుకాణదారుగా తన సహజమైన గొంతుతోనూ, ఇతర పాత్రలుగా మారు గొంతులతోనూ మాట్లాడేవారు. అది 1947లోనే, ఏడాది కూడా నిండకుండా ఆగిపోయింది. ఎన్ని గొంతులున్నా వాటి నడుమ తన గొంతును నిలబెట్టుకోవడం కళాకారునికి ఎప్పుడూ పరీక్షే. జగ్గయ్య దారి దీనికి భిన్నమైనది. ఆయనది ఒకే గొంతు. దానిని మార్చుకోకుండానే వార్తకు వార్తగా, వీరునికి వీరునిగా, ప్రతినాయకునికి ప్రతినాయకునిగా ఒదిగించారు. ఆ గొంతు మరొకరి ముఖానికి అమరినప్పుడు కూడా అది జగ్గయ్యదేనని శ్రోతలు గుర్తుపట్టేవారు. గుర్తుపట్టి కూడా పాత్రనే నమ్మేవారు.

జగ్గయ్య నటించిన చిత్రాలలో 'ఎం.ఎల్.ఎ.', 'అప్పుచేసి పప్పుకూడు', 'వెలుగు నీడలు', 'ఆరాధన', 'గుడిగంటలు', 'డాక్టర్ చక్రవర్తి', 'ఆత్మబలం' వంటివి తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితాలు. గంభీరమైన గొంతు గలవాడు హాస్యానికి పనికిరాడన్న భావన ఉండేది. విజయా సంస్థ 1959లో నిర్మించిన హాస్యచిత్రం 'అప్పుచేసి పప్పుకూడు'లో ఆయన ఆ భావనను తొలగించారు. నవ్వించడానికి వికృతమైన గొంతు అవసరం లేదు. నిండైన గొంతుతో, సమయం తప్పకుండా మాట వేస్తే చాలునని ఆయన పాత్ర నిరూపించింది.

తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఆనాడు మద్రాసులో ఉండేది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత హైదరాబాదుకు దానిని తరలించాలనే ప్రయత్నాలు మొదలయ్యాయి. పంజగుట్టను ఆనుకొని ఉన్న అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలిసింది. పూర్తిగా హైదరాబాదులోనే నిర్మించిన తొలి తెలుగు చిత్రంగా చెప్పే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. అన్నపూర్ణా సంస్థ కూడా 1960ల నుంచి తన చిత్రాలను ఆ స్టూడియోలో నిర్మించసాగింది. నేడు శిక్షణ సంస్థల బోర్డులతో, విద్యార్థుల రద్దీతో కనిపించే అమీర్‌పేట ఒకనాడు తెలుగు సినిమాకు సొంతగడ్డ మీద దొరికిన తొలి నీడ. పరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలి వచ్చిన తరువాత అనువాద చిత్రాలకు గాత్రం అందించేవారు కూడా ఈ నగరంలోనే స్థిరపడ్డారు. ఆ కళాకారులందరికీ జగ్గయ్య తరం వేసిన దారి మార్గదర్శకమైంది.

సంపాదనను దాచుకోవడం కంటె నమ్మిన విలువకు వెచ్చించడం మేలని జగ్గయ్య భావించారు. 1962లో ఆయన నిర్మాతగా 'పదండి ముందుకు' అనే చిత్రాన్ని తీశారు. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం దానికి ఇతివృత్తం. పౌరాణిక, జానపద చిత్రాలకు ప్రజాదరణ మిక్కుటంగా ఉన్న రోజులలో జాతీయోద్యమాన్ని కథగా తీసుకోవడం లాభనష్టాల లెక్క చూచుకొనేవారు చేసే పని కాదు. బాల్యంలో తాను చూసిన ఉద్యమాన్ని తరువాతి తరానికి చూపాలన్న తపనే ఆయనను అందుకు పురికొల్పింది.

ఆ తపనే ఆయనను ప్రత్యక్ష రాజకీయాలలోకి నడిపించింది. 1967 సార్వత్రిక ఎన్నికలలో ఒంగోలు నియోజకవర్గం నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా పోటీ చేసి లోక్‌సభకు ఎన్నికయ్యారు. దేశంలో ఒక సినిమా నటుడు ప్రజల ఓట్లతో పార్లమెంటులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం నడయాడిన ప్రాంతం ఒంగోలు. అక్కడి రైతులు, చేతివృత్తులవారు, మత్స్యకారులు వెండితెరపై చూసిన నటుణ్ణి తమ ప్రతినిధిగా పంపారు. ఆయన సభ్యులుగా ఉన్న కాలంలోనే, 1970లో, ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. తరువాత దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 1970 డిసెంబరులో గడువుకు ముందే లోక్‌సభ రద్దయింది. జగ్గయ్య పార్లమెంటు జీవితం ఆ ఒక్క పర్యాయంతోనే ముగిసింది. అది స్వల్పకాలమే అయినా, తరువాత రాజకీయాలలో ప్రవేశించిన సినీ ప్రముఖులందరికీ ఆయన తొలి అడుగు అయ్యారు. ఒకనాడు ఢిల్లీలో ఇతరుల నిర్ణయాలను వార్తలుగా చదివిన గొంతు, అదే ఢిల్లీలో ప్రజల పక్షాన మాట్లాడే గొంతుగా మారడం ఆయన జీవితంలోని విశేషం.

పార్లమెంటు నుంచి తిరిగి వచ్చిన తరువాత కూడా జగ్గయ్య నటనను విడువలేదు. 1974లో విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలో ఆయన రూథర్‌ఫర్డ్ అనే ఆంగ్ల అధికారి పాత్రను ధరించారు. మన్యం ప్రజల పోరాటాన్ని అణచడానికి వచ్చిన పరపాలకుడు అతడు. ప్రేక్షకులు ద్వేషించవలసిన పాత్ర. దానిని అరుపులతో, వికటాట్టహాసాలతో నింపివేయడం తేలిక. జగ్గయ్య అలా చేయలేదు. గొంతును తగ్గించి, మాటలను తూచి పలికారు. శత్రువులోని శౌర్యాన్ని గుర్తించగల అధికారిగా రూథర్‌ఫర్డ్‌ను నిలబెట్టారు. ప్రత్యర్థికి హుందాతనం లభించినప్పుడే కథానాయకుని త్యాగానికి ఔన్నత్యం లభిస్తుంది. ఉప్పు సత్యాగ్రహంపై చిత్రం నిర్మించిన దేశభక్తుడే ఆంగ్లేయుని పాత్రకు ప్రాణం పోయడం గమనింపదగినది. ఢిల్లీ కేంద్రంలో అలవడిన సంయమనం ఈ పాత్రలో పూర్తిగా ఫలించింది.

జగ్గయ్య కేవలం పలికేవారే కాదు, రాసేవారు కూడా. విశ్వకవి రవీంద్రనాథ టాగూరు 'గీతాంజలి'ని 'రవీంద్ర గీత' పేరుతో తెలుగులోకి తెచ్చారు. టాగూరు రాసిన నాటకం ఒకదానిని 'బలిదానం' పేరుతో అనువదించారు. పరుల మాటను తెలుగులో పలికించడం గాత్రదానంలో ఆయన చేసిన పనే. అక్కడ పెదవుల కదలికను అనుసరించారు; ఇక్కడ కవి హృదయం కదలికను అనుసరించారు. మాటలు వేరైనా మూలంలోని ఊపిరి చెడకూడదన్న నియమం రెండింటికీ ఒక్కటే.

స్నేహధర్మంలో కూడా ఆయన ఆదర్శప్రాయుడు. మనసుకవిగా పేరొందిన ఆచార్య ఆత్రేయ 1989లో మరణించారు. ఆత్రేయ నాటకాలు, పాటలు, కథలు అక్కడక్కడ చెదిరి ఉన్నాయి. కవి పోయిన తరువాత కాగితాలు పోవడానికి ఎంతో కాలం పట్టదు. వాటిని సేకరించి సంపుటాలుగా వెలువరించే కార్యానికి జగ్గయ్య పూనుకొన్నారు. తన మాటలు గాలిలో కలిసిపోతాయని రేడియోలో పనిచేసినవారికి బాగా తెలుసు. ఆనాటి వార్తా ప్రసారాలను దాచి ఉంచే అలవాటు లేదు. పలికిన మరుక్షణమే అవి మాయమయ్యేవి. మాట ఎంత త్వరగా నశిస్తుందో ఎరిగినవాడు కనుకనే, మిత్రుని మాటలు నశించకుండా అచ్చులో నిలపడానికి జగ్గయ్య శ్రమించారు.

భారత ప్రభుత్వం 1992లో పద్మభూషణ్ పురస్కారంతో ఆయనను గౌరవించింది. ఎన్ని సత్కారాలు లభించినా ఆయన జీవన విధానం నిరాడంబరంగానే సాగింది. పుస్తకాల నడుమ, మిత్రుల నడుమ మద్రాసులోనే జీవితం గడిపిన జగ్గయ్య 2004 మార్చి 5న అదే నగరంలో తుదిశ్వాస విడిచారు.

జగ్గయ్య జీవితం నుంచి విద్యార్థులు గ్రహింపదగినవి అనేకం ఉన్నాయి. ఆయనకు మంచి కంఠం పుట్టుకతో వచ్చింది. కాని పుట్టుకతో వచ్చిన కంఠం గల వారు లోకంలో ఎందరో ఉంటారు. వారందరూ జగ్గయ్యలు కాలేదు. లవుని వేషం వేసిన నాటి నుంచి అక్షరాన్ని అక్షరంగా పలకడానికి ఆయన చేసిన సాధనే కంఠాన్ని కళగా మార్చింది. శ, ష, స లకు భేదం పాటించడం, ఒత్తులను మింగివేయకుండా పలకడం, వాక్యం మధ్యలో అర్థం చెడకుండా విరామం ఇవ్వడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. భాష బ్రతికేది ఆ చిన్న విషయాలలోనే. తాను నమ్మిన దాని కోసం స్థిరమైన ఉద్యోగాన్ని విడిచిపెట్టడం, తొలి ఓటమికి తలవంచకపోవడం, మరొకరి ముఖం వెనుక నిలబడి పనిచేయవలసి వచ్చినా చిన్నతనంగా భావించకపోవడం, సంపాదించిన కీర్తిని ప్రజాసేవకు, సాహిత్యసేవకు వినియోగించడం ఆయన వ్యక్తిత్వంలోని ప్రధాన గుణాలు.

నేడు చేతిలోని చిన్న యంత్రంలో ప్రపంచంలోని గొంతులన్నీ వినిపిస్తున్నాయి. మాటకు కరవు లేదు. మాట మన్ననకే కరవు ఏర్పడింది. ఈ కాలంలో జగ్గయ్య నటించిన పాత చిత్రమేదైనా చూసేటప్పుడు ఒక్కసారి కళ్ళు మూసుకొని వింటే చాలు. తెలుగు అక్షరం ఎంత నిండుగా, ఎంత నిర్మలంగా మోగగలదో ఆ కంచుకంఠం చెబుతుంది.